తొండలో దొరికిన కొత్త కణం

అప్పట్లో మాకు తొందరపడే అలవాటు లేదు, ఉన్నా దానితో చేసుకునేదేమీ లేదు. తొండ కడుపులోంచి దారప్పోగంత నాళం ఒకటి తీసి, దాని గోడలో కణాలు ఎలా ఉన్నాయో సూక్ష్మదర్శినిలో చూడాలంటే వారం పదిరోజులు పట్టేది. పసుపుపచ్చని మందునీళ్ళలో నానాలి, స్పిరిట్లో మెట్టుమెట్టుగా తడంతా పోవాలి, కరిగిన మైనాన్ని పీల్చుకోవాలి, ఆ మైనం గడ్డకట్టాలి. అంతసేపూ మనం చేసేది ఎదురుచూడటమే. అరవైల చివర, తార్నాక పక్కనున్న యూనివర్సిటీలో జంతుశాస్త్ర విభాగంలో నేను రిసెర్చి స్కాలరుగా చేరినప్పుడు నాకిచ్చిన పని మగ తొండల్లో వీర్యం బయటికి వచ్చే దారి పొడుగునా ఉండే నాళాల కణ నిర్మాణం. ఎండలు ముదిరి తొండ గొంతు ఎర్రబడి, బండరాయి ఎక్కి తలాడించే రోజుల్లో ఆ నాళం గోడలో కణాలు నిటారుగా, నిండుగా నిలబడి ఉంటాయి. కాలం దాటగానే కుదించుకుపోయి, అదేనా ఇది అనిపిస్తాయి. ఆ ఎదగడాన్నీ తగ్గడాన్నీ నెలనెలా చూసి బొమ్మ వెయ్యడం నా ఉద్యోగం. (తొండల్ని పట్టడం కూడా నా ఉద్యోగమే. ఈతపుల్ల చివర దారంతో ఉచ్చు కట్టి, క్యాంపస్ రాళ్ళ మధ్య పాకుతూ పట్టేవాణ్ణి. అడిక్‌మెట్ వైపు నుంచి సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు ఒక కాలు నేలకాన్చి కాసేపు చూసి, జాలిపడి పోయేవారు.)

నేనుండేది తార్నాకలో మా పిన్ని వాళ్ళింట్లో. బాబాయి గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా, కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. ముందుగది నాకిచ్చారు. చేరిన మొదటి వారంలోనే పిన్ని, అన్నం వడ్డిస్తూ, "తొండలో ఏం చూస్తావురా రోజంతా?" అని అడిగింది. సైన్సులో సిగ్గేమిటన్న ధీమాతో నేను ఉన్నదున్నట్టు చెప్పాను. పిన్ని గరిట పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడి, "పప్పులో ఇంకాస్త నెయ్యి వేసుకో" అంది. మళ్ళీ ఆ విషయం ఎత్తలేదు.

లాబరేటరీలో నాకు ముగ్గురు ముఖ్యులు. మొదటివారు గురువుగారు. సన్నటి మనిషి, గొంతు ఇంకా సన్నం. తొండల మీదా ఉడుముల మీదా పాతికేళ్ళు పనిచేసినవారు. నేను చేరేనాటికి ఆయన రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదురుతున్నాయి. ఆపరేషను చెయ్యాలంటే ఇంకా పండాలని డాక్టర్లు ఆపారు. "కన్ను కూడా మామిడికాయ లాంటిదేనట" అని నవ్వేవారు. నాతో మాత్రం మొదటిరోజే చెప్పారు: "నాకిప్పుడు రంగు తెలుస్తుంది గానీ గీత తెలియదు. నువ్వు చూసింది నేను చూసినట్టే. చూసుకో మరి." ఆ మాట బరువు నాకప్పుడు తెలియలేదు. గొప్పగా మాత్రం అనిపించింది.

రెండోవాడు మైనం తాత. మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచి వచ్చే అటెండరు. చదువు రాదు. మైనం దిమ్మను యంత్రానికి బిగించి, చక్రం తిప్పుతూ, మన కంటికి కనపడనంత పలచని ముక్కలు కోస్తే అవి ఒకదాని అంచుకు ఒకటి అంటుకుని రిబ్బనులా వచ్చేవి. మేం కోస్తే వంకర పోయేవి. ఇక మూడో మనిషి నాకంటే ఏడాది సీనియరు, విద్యానగర్ నుంచి వచ్చే అమ్మాయి. పావురం పేగుల మీద పనిచేసేది కాబట్టి వెనకాల అందరం పేగులావిడ అనేవాళ్ళం. (ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆవిడ నన్నేమని పిలిచేదో నాకు చాలాకాలం తెలియలేదు. తెలిశాక, నాళాలాయన అనిపించుకోవడం కంటే పేగులావిడే నయమనిపించింది.)

కోసిన రిబ్బనును గోరువెచ్చని నీళ్ళ తొట్టి మీద వదిలితే ముడతలు విప్పుకుని సాఫుగా పరుచుకుంటుంది. అప్పుడు అడుగునుంచి గాజుపలక పెట్టి పైకెత్తాలి. తొట్టి ఒక్కటే, వాడేవాళ్ళం నలుగురం. అందుకని తాత ఒక నియమం పెట్టాడు. ఎవరు వాడే ముందైనా న్యూస్‌పేపర్ పేలిక ఒకటి నీళ్ళ మీద ఈ చివర నుంచి ఆ చివరకు లాగాలి. ముందువాళ్ళ ముక్కలేమైనా తేలుతుంటే దానికి అంటుకుని పోతాయి. తాత ఆ పేలికలు కత్తిరించి మేకుకు గుచ్చి ఉంచేవాడు. లాగకుండా రిబ్బను వేసిన పాపాన ఆయన ఎన్నడూ పోలేదు.

ఒకనాడు తాత దగ్గరి చుట్టం పోయాడని ఊరికి వెళ్ళాడు. నేనే కోసుకున్నాను. పొద్దున పేగులావిడ తొట్టి వాడి వెళ్ళింది. మధ్యాహ్నం నా వంతు వచ్చింది. మేకు నుంచి పేలిక తీశాను. అందులో క్రికెట్ మ్యాచి వార్త సగం ఉంది. మనవాడు ఒకడు తొంభై దాటి ఆడుతున్నాడు, ఆ తర్వాతి వాక్యం దగ్గర కత్తెర పడింది. వాడు సెంచరీ కొట్టాడా లేదా అన్నది ఇంకో పేలికలో ఉండాలి. మేకుకున్నవన్నీ తీసి బల్ల మీద పేర్చి వెతికాను. దొరకలేదు గానీ ఒక గంట గడిచింది. అప్పుడు ఉలిక్కిపడి, పేలికలన్నీ తిరిగి మేకుకు గుచ్చి, రిబ్బను తొట్టిలో వేశాను. నీళ్ళ మీద కాగితం లాగలేదు. లాగలేదన్న సంగతి కూడా నాకు తట్టలేదు.

మూడురోజుల తర్వాత రంగులు వేసి పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టాను. జిగురు ఉన్నచోట మాత్రమే గులాబీ ముదిరిన మెజెంటా రంగు పట్టే అద్దకం అది. శుక్రనాళం గోడలో అలాంటిదేమీ ఉండదని పుస్తకాలన్నీ చెబుతాయి. నా పలకలో, ఆ గోడను ఆనుకుని, కూజాల్లాంటి కణాలు వరసగా ఉన్నాయి. కడుపు నిండా మెజెంటా. లెక్కపెట్టాను, తొమ్మిది. నా గుండె చప్పుడుకు సూక్ష్మదర్శిని కదులుతోందేమో అనిపించింది. ఏ తొండలోనూ ఎవరూ చూడని కణాలు నేను చూస్తున్నాను. వెంటనే బొమ్మ వేసేశాను. అదే పలక మీద, రిబ్బనులో ఆ ముక్కకు అటూ ఇటూ ఇంకో ఆరు ముక్కలు ఉన్నాయి. పలకను గోరంత జరిపితే అవి కూడా కనిపించేవి. నేను జరపలేదు. పనిలో పడి మరిచిపోయానని చాలాకాలం చెప్పుకున్నాను గానీ, నిజానికి జరిపితే ఈ భాగ్యం పోతుందేమోనని భయపడ్డాను.

గురువుగారు బొమ్మను ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూశారు. తర్వాత సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి, "ఎర్రగా ఏదో ఉన్నట్టే ఉంది" అన్నారు. కన్ను తీసి అడిగారు: "పక్క ముక్కలు చూశావా? అవేమంటున్నాయి?"

"అదే అంటున్నాయి సార్" అన్నాను.

ఆ మూడు మాటలు ఎంత సులువుగా వచ్చాయో తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆయన తల ఊపారు. మొహం నిండా వెలుగు. వచ్చే శనివారం సెమినారుకు పైవూరు నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వస్తున్నారు, నా ఫెలోషిప్పు ఇంకో ఏడాది పొడిగించాలా వద్దా అని చెప్పేదీ ఆయనే. "ఆయన ముందు దీన్ని పెడదాం. నేనే మాట్లాడతాను" అన్నారు గురువుగారు. పాతికేళ్ళలో తనకొక కొత్త సంగతి దొరికినంత సంతోషంగా ఉన్నారు.

తార్నాకలో ఆ సాయంత్రమే సంగతి పాకింది. నేను బాబాయికి చెప్పాను, బాబాయి పిన్నికి చెప్పాడు, పిన్ని వీధికి చెప్పింది. దొరికిన చోటు మాత్రం పిన్ని నోటికి రాలేదు. వీధిలో పదిమంది ఆడవాళ్ళ ముందు ఆ మాట ఎలా అంటుంది? అందుకని కాస్త మర్యాదైన చోటు చూసి, "మావాడికి తొండ పేగుల్లో కొత్త కణం కనపడిందండీ" అని చెప్పింది. మర్నాటి నుంచి నాకు మర్యాదలు మొదలయ్యాయి. ఎదురింటి రిటైర్డు మాస్టారు, "మీ కణం ఎలా ఉంది?" అని ఇంట్లో మనిషి ఆరోగ్యం అడిగినట్టు అడిగేవారు. "బాగానే ఉందండీ" అనేవాణ్ణి. బాబాయి మా నాన్నకు కార్డు రాసేశాడు.

గురువారం నాడు మైనం తాత ఊరినుంచి వచ్చాడు. నేను గర్వంగా పలక తెచ్చి చేతికిచ్చాను. ఆయన సూక్ష్మదర్శిని జోలికి పోలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి, పలకను వెలుగుకెత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చూశాడు.

"సారూ, గీ వరుసల ఏడు ముక్కలున్నయి. ఆరు ఒక్కతీరుగున్నయి. గీ నడిమిది ఒక్కటే బుగ్గల ఏమో పెట్టుకున్నది" అన్నాడు.

"అదే తాతా, కొత్త కణాలు."

"ఏమో సారూ. నాకు కణాలు తెల్వయి. ఈ తునక మాత్రం నీ రిబ్బన్‌ది కాదు. పైకెల్లి వచ్చి కూసున్నది." పలక నా చేతిలో పెట్టి, మెల్లగా అడిగాడు: "నీళ్ళ మీద పేపర్ గుంజినవా?"

నాకు క్రికెట్టు గుర్తొచ్చింది. పలక తీసుకుపోయి సూక్ష్మదర్శిని కింద పెట్టి, వారం కింద చెయ్యవలసిన పని అప్పుడు చేశాను. చూపును వెంట్రుకవాసి పైకీ కిందికీ జరిపే సన్నమర తిప్పాను. కూజాలు స్పష్టంగా కనిపించినప్పుడు నాళం మసకబారింది, నాళం స్పష్టమైనప్పుడు కూజాలు మసకబారాయి. రెండూ ఒక మట్టంలో లేవు, ఒకదాని మీద ఒకటి ఉంది. పలక జరిపాను. మిగతా ఆరు ముక్కల్లోనూ నాళం గోడ శుభ్రంగా, ఖాళీగా, పుస్తకాల్లో రాసినట్టే ఉంది.

పేగులావిడను పిలవక తప్పలేదు. ఆవిడ కన్ను పెట్టి ఎంతోసేపు చూడలేదు. "ఇవి నా పావురంవి. రోజూ వీటి మొహమే చూస్తున్న, గుర్తుపట్టనా?" అంది. తన పెట్టెలోంచి ఒక పలక తెచ్చింది. పేగు లోపల వేళ్ళలా పొడుచుకొచ్చే మడతలుంటాయి, వాటిలో ఒకదానికి కొస లేదు. "ఇది ఎక్కడ పోయిందో అని ఆ రోజు కెల్లి దేవులాడుతున్న. మీకాడికి వచ్చింది." నవ్వుతుందేమోనని బిగుసుకుని కూర్చున్నాను. నవ్వలేదు. పలకను తుడిచి పెట్టెలో పెట్టుకుంటూ, "సార్‌కు ఏమని చెప్పిన్రు, పక్క సెక్షన్‌ల గురించి?" అని అడిగింది. నేను సూక్ష్మదర్శినికి గుడ్డ కప్పుతూ కూర్చున్నాను. ఆవిడ అర్థం చేసుకున్నట్టుంది. "శనివారం లోపల చెప్పున్రి" అని వెళ్ళిపోయింది.

(తర్వాత ఎప్పుడో నాకు తట్టింది. హైదరాబాదు మొత్తం మీద ఆ కణాలు ఎక్కడివో అప్పటిదాకా సరిగ్గా చెప్పిన మనిషి మా పిన్ని ఒక్కతే. జంతువు తప్పింది గానీ పేగు మాత్రం తప్పలేదు.)

ఆవిడ వెళ్ళాక తాత నా పక్క స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "గింతదానికి పరేషాన్ ఎందుకు సారూ. నా పేరు చెప్పు. ముసలోడు నీళ్ళు సాఫ్ చెయ్యలే అని చెప్పు. ఆ రోజు నేను లేనన్నది పెద్దసారుకు యాదికుండదు. నన్నేమంటడు? ఏమనడు. నీదైతే ఫెలోషిప్పు పోతది." ఇందులో త్యాగం చేస్తున్న భావమేమీ ఆయన మొహంలో లేదు. బల్ల ఒక పక్క నేను పట్టుకుంటానంటున్నట్టు అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను వెంటనే వద్దనలేదు. "చూద్దాం తాతా" అన్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదని పిన్ని వాము నమిలించింది.

శుక్రవారం మధ్యాహ్నం క్యాంపస్‌లోని గురువుగారి క్వార్టరుకు వెళ్ళాను. దారంతా రెండు కథలు మార్చి మార్చి తయారు చేసుకున్నాను. ఒకదాంట్లో తాత ఉన్నాడు, ఒకదాంట్లో లేడు. వెళ్ళేసరికి గురువుగారు వరండాలో కుర్చీ వేసుకుని, నా బొమ్మను ముక్కుకు దగ్గరగా పెట్టుకుని, మర్నాడు చెప్పబోయే మాటలు పైకి అనుకుంటున్నారు. "మా విద్యార్థి ఒకడు, చాలా జాగ్రత్త గలవాడు..." అన్న మాట నా చెవిన పడింది. వాళ్ళావిడ మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చారు. ఆ గ్లాసు అలాగే పట్టుకుని నేను మొత్తం చెప్పేశాను. పేపరు లాగనిది నేనేననీ, పేలికల్లో క్రికెట్టు వెతుక్కున్నాననీ, కొస పావురానిదనీ. దారిలో తయారు చేసుకున్న మాటలేవీ నోటికి రాలేదు.

ఆయన బొమ్మను ఒళ్ళో పెట్టుకున్నారు.

"తొట్టిలో తునక తేలి రావడం అందరికీ జరిగేదే. నాకూ జరిగింది" అన్నారు. "అది పోనీ. పక్క ముక్కలు అదే అంటున్నాయని చెప్పావు. చూశావా అప్పుడు?"

"చూడలేదు సార్."

"ఆ మాట నీళ్ళ మీద తేలి రాలేదు" అన్నారు. గొంతు పెంచలేదు. "నాకు కళ్ళుంటే నువ్వు చెప్పింది సరిచూసుకునేవాణ్ణి. అప్పుడు నీ అబద్ధం ఒక సరదా అయ్యేది. ఇప్పుడు కాదు. మజ్జిగ తాగి వెళ్ళు."

నేను మజ్జిగ తాగాను. దానికి రుచి ఉందో లేదో తెలియదు. అంతవరకూ ఫెలోషిప్పు పోతుందనే నా భయం. గేటు దాటాక అది భయమే కాదనిపించింది. ఆయనకు నా కళ్ళు తప్ప వేరే కళ్ళు లేవు, వాటిని నేను పాడుచేశాను.

శనివారం సెమినారులో గురువుగారు లేచి, "ఈ వారం మా దగ్గర ఒక కొత్త కణం పుట్టి పోయింది. దాని సంగతి మావాడే చెబుతాడు" అని కూర్చున్నారు. నలభైమంది ముందు నేను నిలబడి, క్రికెట్టుతో సహా, అంతా చెప్పాను. అబద్ధం దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు నమిలాను గానీ దాన్నీ చెప్పాను. వెనక వరుసలో గోడకానుకుని నిలబడిన మైనం తాత తల దించుకున్నాడు. పైవూరు ప్రొఫెసరు కళ్ళద్దాలు తీసి కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు, కుర్రవాడిగా ఉన్నప్పుడు తానూ చేప మొప్పల్లో కప్ప చర్మం కనిపెట్టానన్నారు. గురువుగారు నవ్వలేదు. ఫెలోషిప్పు ఏడాదికి బదులు ఆర్నెల్లు పొడిగించారు, పని చూశాక మిగతా ఆరు ఇస్తామన్నారు. తార్నాకలో ఎదురింటి మాస్టారు మళ్ళీ కణం క్షేమం అడిగితే, "పోయిందండీ" అన్నాను. ఆయన పరామర్శిస్తున్నట్టు నా భుజం తట్టారు.

అప్పటినుంచి నేను వేసిన ప్రతి బొమ్మనూ గురువుగారు ముందు పేగులావిడకు పంపేవారు. నాతో ఏమీ అనేవారు కాదు, బొమ్మ తీసుకుని, "ఆ అమ్మాయిని పిలువు" అనేవారు. ఆవిడ నా పలక చూసి, అటూ ఇటూ జరిపి, సన్నమర తిప్పి, బొమ్మ వెనక పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టేది. అప్పుడు ఆయన సంతకం చేసేవారు. మొదటి నెల నాకు తల కొట్టేసినట్టుండేది. ఆవిడ ఒకసారి, "నాకేమన్నా సరదానా? నా పని ఆగిపోతున్నది" అని విసుక్కుంది. ఆ తర్వాత సిగ్గు తగ్గి, ఆవిడకు పని తగ్గించాలన్న పట్టుదల పెరిగింది. ప్రతి ముక్కనూ మూడుసార్లు చూసి, తప్పు పట్టడానికేమీ మిగల్చకుండా తెచ్చేవాణ్ణి. వానలు పడి పోయాయి, చలి వచ్చి పోయింది. పలకల్లో నాళం గోడలు కుదించుకుపోయి, మళ్ళీ నెమ్మదిగా ఎదగసాగాయి. ఆర్నెల్లు దాటి రెండో ఆర్నెల్లు మొదలయ్యాయి. గురువుగారి కళ్ళు మాత్రం ఇంకా మసకబారాయి.

చివరికి ఆపరేషనుకు రోజు కుదిరింది. ముందునాడు ఒక బొమ్మ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పేగులావిడ అన్నయ్య పెళ్ళికని నాలుగురోజులు రాలేదు, అందుకని వెనక టిక్కు లేదు. "ఆవిడ సోమవారం వస్తుంది సార్, చూపించి మీరు ఆస్పత్రినుంచి వచ్చాక తెస్తాను" అన్నాను.

ఆయన చెయ్యి చాపారు. "ఇటివ్వు" అన్నారు. కాగితం అందుకుని, ఈసారి ముక్కు దగ్గరికి కూడా తీసుకెళ్ళలేదు. ఒళ్ళో అట్ట మీద పరుచుకుని, జేబులోంచి కలం తీసి మూత విప్పారు. "సంతకం ఎక్కడ చెయ్యాలో వేలు పెట్టి చూపించు."

నాకు అప్పుడే అర్థమైంది, ఆయనకు గీతలే కాదు, కాగితం మీద ఏముందో కూడా కొన్ని నెలలుగా కనిపించడం లేదని. నా కుడిచేతి చూపుడువేలు కాగితం మీద ఆనించాను. ఆయన ఎడంచేత్తో తడిమి నా వేలు పట్టుకుని, దాని పక్కనుంచి నెమ్మదిగా సంతకం చేశారు. చివరి అక్షరం సగం నా గోటి మీద పడింది. "పడిందా కాగితం మీద?" అని అడిగారు. "పడింది సార్" అన్నాను.

ఇంటికి వెళ్ళేసరికి పిన్ని కంచం పెట్టింది. "గోటి మీద ఆ సిరా ఏవిట్రా, కడుక్కు రా" అంది. కడుక్కోనన్నాను. చెయ్యి వెనక్కి దాచుకున్నాను. పిన్ని నా మొహంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్ళి చెంచా తెచ్చి కంచంలో పెట్టింది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పాను, పలకలు లెక్కలేనన్ని చూశాను, నా పేరు మీద ఏ జీవిలోనూ ఏ కణమూ లేదు. అయినా, గోటి మీది సగం అక్షరం చెరిగిపోకుండా పెరుగన్నం చెంచాతో తిన్న ఆ కుర్రవాణ్ణి తల్చుకుంటే నవ్వూ వస్తుంది, వాడంటే కాస్త అసూయా కలుగుతుంది.